ఆన్‌లైన్ ప్రేమ మోసాలు: ఒంటరిగా ఉన్నవాళ్లే ఎందుకు టార్గెట్? ‘తిన్నారా’తో మొదలై.. ఖాతా ఖాళీ!

ఏలూరులో పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఒక్కరే మిగిలిన తల్లి. తాడేపల్లిగూడెంలో భార్యను పోగొట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగి. కొల్లేరులో చెరువు గట్టు మీద రాత్రంతా చేపలకు కాపలా కాసే కుర్రాడు. ఇలాంటి వాళ్లందరి చేతిలో ఫోన్ ఉంటుంది.. పక్కన మాట్లాడే మనిషే ఉండరు. సైబర్ నేరగాళ్లకు కావాల్సింది సరిగ్గా ఇదే.

తెలివి లేక కాదు..
ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఒంటరితనమేనని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అలాంటప్పుడు రోజూ ‘తిన్నారా?’ అని అడిగేవాళ్లు దొరికితే మనసు అటే లాగుతుంది. చాటింగ్‌లో అవతలివాళ్లు మంచే చూపిస్తారు.. మిగతాది మన ఊహే నింపేస్తుంది. అందుకే ఎదురుగా ఉన్నవాళ్లకంటే చూడని మనిషే దగ్గరైపోవచ్చని అమెరికా పరిశోధకుడు జోసెఫ్ వాల్తర్ 1996లోనే వివరించారు.

ఎందుకు ఆగలేరు?
మొదట్లో డబ్బు ఊసే ఉండదు. నమ్మకం కుదిరాక ‘గిఫ్ట్ పంపా, కస్టమ్స్‌లో ఆగింది’ అంటారు. ఒకసారి కట్టాక ఆపేస్తే డబ్బుతో పాటు ఆ మనిషీ అబద్ధమని ఒప్పుకోవాలి. అది తట్టుకోలేకే మళ్లీ కడతారు. పరువు పోతుందని ఇంట్లో చెప్పరు. మోసగాడి బలం అదే.

ఏం చేయాలి?
కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాల్లో డబ్బు వేయమనరు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. వేరే మనిషిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒక్కటే.. ఆ ‘తిన్నారా?’ అనే మాట ముందు మీరే అడగండి.