448 ఏళ్ల కిందటి ప్లాన్ కాదు.. పురానాపూల్‌కి ఇప్పుడు కావాల్సింది సున్నం, కాస్త చోటు!

ఉప్పల్, నాచారం జనాలకు మూసీ అంటే నాగోల్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసుకోవడమే. అదే నదికి ఎగువన, పాతబస్తీలో 1578 నాటి రాతి వంతెన ఇంకా నిలబడే ఉంది. అదే పురానాపూల్. మొత్తం 22 కమాన్లు. చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది.

ప్రియురాలి కోసం నది దాటే కొడుకు కష్టం చూడలేక ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడని కథ. అప్పటికి ఆ కొడుక్కి పన్నెండు, పదమూడేళ్లే!

1908 వరదలో అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. ఇది దెబ్బతిన్నా నిలిచింది. కమాను మీద బరువు పడితే రాళ్లు విడిపోవు, ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి. అందుకే నడిచే జనంతో దీనికి భయం లేదు. అసలు డేంజర్ సందుల్లో మొలిచే రావి మొక్కలు, రాలిపోయే సున్నం, పునాదిని కోసే నీళ్లు. పైన సిమెంట్ పూస్తే తేమ లోపలే ఇరుక్కుని ఇంకా పాడవుతుంది.

సిటీలో సుమారు 55 కిలోమీటర్ల పొడవునా మూసీ రివర్‌ఫ్రంట్ ప్లాన్ ఉంది. ఒడ్డున వాకింగ్ ట్రాక్ వస్తే ఈ వంతెనను కలపడం ఈజీనే, ఎందుకంటే బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదే వెళ్తున్నాయి. మరి పాత వంతెన మీద కూరగాయలు అమ్ముకునేవాళ్ల సంగతేంటి? వాళ్లను లేపేసి సెల్ఫీ పాయింట్ పెడితే, ఉన్న ప్రాణం తీసినట్టే. వంతెన వెడల్పు సుమారు 35 అడుగులు. గంపలు ఒక పక్కకు జరిపితే నడిచేవాళ్లకీ దారి దొరుకుతుంది.