వీసం తక్కువ ముప్పై

వాన వెలిశాక చూరు నుంచి చుక్కలు రాలుతుంటాయి కదా. పిల్లలూ, ఆ చుక్కల కింద రెండు గిన్నెలు పెట్టి వినండి. కాసేపు రెండూ కలిసి ‘టప్’మంటాయి. తర్వాత ఒకటి ముందు, ఒకటి వెనక. ఆపైన మా చిన్నప్పుడు అమ్మా పిన్నీ ఒకే రోట్లో రోకళ్లు మార్చి మార్చి వేసినట్టు వంతులవారీగా పడతాయి. ఇంకాసేపటికి మళ్లీ కలుస్తాయి. వేగంలో రవ్వంత తేడా ఉంది, అంతే.

ఆ రవ్వంత తేడాతోనే సంగీతం కట్టాడు అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వీధి బోధకుడు బైబిల్లోని నోవహు నాటి జలప్రళయం గురించి గొంతెత్తి చెబుతుంటే టేపు మీద పట్టాడు. వాన రాబోతోందనే ముక్కను కోసి, కొసలు అతికించి వలయం చేశాడు. అలాంటివి రెండు, రెండు రికార్డర్ల మీద, ఒక్కో చెవికి ఒక్కోటి. కలిసే బయల్దేరాయి గానీ ఒక యంత్రం కాస్త చురుగ్గా తిరిగింది. ఆయన దాన్ని సరిచేయకుండా వింటూ కూర్చున్నాడు. నాకు ఆయనలో నచ్చింది ఆ ఓపికే.

ఇప్పుడు చెవి సంగతి. చీకట్లో ఎవరైనా పిలిస్తే తల సరిగ్గా అటే తిప్పుతాం. ఆ పిలుపు ఒక చెవికి రెండోదానికంటే రవంత ముందు చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. అందుకే రైష్ విన్న గొంతు మొదట తల నడుమ నుంచి ఒక పక్కకు జారింది. తేడా పెరిగి సెకనులో ఇరవయ్యో వంతు దాటేసరికి మెదడు రెంటినీ ఒకటిగా కలపలేకపోయింది, గొంతు ప్రతిధ్వని అయింది. మరింత పెరిగాక ఇద్దరు మనుషులు పోటీపడి అరిచినట్టే ఉంది. టేపు మీదున్న మాట మాత్రం అదే! 1965లో ఈ రచన పూర్తయింది.

రాక్ బృందంలో పేరు తెచ్చుకున్న ఇంగ్లండు వాడు బ్రయన్ ఈనో దీన్ని విని కదిలిపోయాడు. ఆయన తీసుకున్నది బాణీని కాదు, పద్ధతిని. 1978లో విమానాశ్రయాల కోసమని చేసిన ఆల్బమ్‌లో, పాడిన స్వరాలను ఒక్కో టేపు వలయంగా తిప్పాడు. వాటిలో మూడింటి నిడివి ఇదీ: ఒకటి 23½ సెకన్లు, ఒకటి పరక తక్కువ 26, ఇంకొకటి వీసం తక్కువ 30. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. కాగితం తీసుకుని క.సా.గు. కట్టాను. కలిసి బయల్దేరిన ఆ మూడూ మళ్లీ ఒక్కసారిగా కలవాలంటే దాదాపు 27 రోజులు పడుతుంది. చందమామ 27 నక్షత్రాలూ చుట్టివచ్చేంత కాలం! అన్నాళ్లూ అవే మూడు స్వరాలు, అల్లిక మాత్రం మారుతూనే ఉంటుంది.

రైష్‌దే 1968 నాటి రచన ఇంకోటి ఉంది. పెళ్లి పందిట్లో మైకు స్పీకరు దగ్గరికెళితే ‘కుయ్‌’మంటుంది చూశారా, దానితోనే కట్టాడు. మైకులను వేలాడదీసి, స్పీకర్ల మీదుగా ఊపి వదిలేస్తారు. ఒక్కోటి ఒక్కో లయలో కూస్తుంది. అమెరికా రాక్ బృందం సోనిక్ యూత్ 1999లో దీన్ని రికార్డు చేసింది. ఊపు తగ్గేకొద్దీ కూతలు సాగుతాయి. మైకులన్నీ నిలిచి, మోత ఏకధారగా పట్టుకున్నాక వాయిద్యగాళ్లు కరెంటు తీగలు లాగేస్తారు. రచన అక్కడితో అయిపోతుంది.