అన్నదమ్ముల్లాంటి రెండు కార్లు – ఏది కొనాలి?

పెనుకొండ: "మన ఎర్రమంచిలో తయారయ్యే బండి ఉండగా చెన్నై బండి మనకెందుకురా?" అని తండ్రి. "క్రెటా అయితే రేపు అమ్ముకున్నా మంచి ధర పలుకుతుంది నాయనా" అని కొడుకు. "ఎక్కి దిగేటప్పుడు నా మోకాళ్ళు నొప్పి పెట్టకుంటే ఏదైనా ఒకటే" అని తల్లి. ఈ మండలంలో ఒక రైతు ఇంట నెల రోజులుగా ఇదే వాదం. కారు కొనాలనుకునే చాలా ఇళ్ళలోనూ ఇదే మాట వినిపిస్తోంది.

కియా సెల్టోస్ 2019 ఆగస్టులో ఎర్రమంచి కర్మాగారం నుంచి వెలువడిన తొలి కారు. హ్యుందాయ్ క్రెటా 2015లోనే మార్కెట్టుకు వచ్చింది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు వద్ద తయారవుతుంది. రెండు కంపెనీలూ దక్షిణ కొరియావే. 1998లో కియాను హ్యుందాయ్ చేజిక్కించుకున్నది. అందుకే పేర్లు వేరైనా లోపలి ఇంజన్లు ఒకటే. 1497 సి.సి. పెట్రోలు ఇంజనుకు 115 గుర్రాల శక్తి, 1493 సి.సి. డీజిలు ఇంజనుకు 116. సెల్టోస్ కొత్త రూపం 2026 జనవరిలో మరికొంత పొడవుగా వచ్చినా ఇంజన్లు మారలేదు. కాబట్టి ఏ కంపెనీ అన్న దానికన్నా ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి.

పెట్రోలా? డీజిలా?

డీజిలు బండి ధర లక్షకు పైగా ఎక్కువ. 1,20,000 రూపాయలు ఎక్కువ అనుకుందాం. కంపెనీల లెక్క ప్రకారం లీటరుకు పెట్రోలు బండి సుమారు 17 కిలోమీటర్లు, డీజిలు బండి సుమారు 21 కిలోమీటర్లు నడుస్తాయి. మన రోడ్ల మీద రెండూ అంతకన్నా తక్కువే ఇస్తాయి. లీటరు పెట్రోలు 110, డీజిలు 97 రూపాయలు చొప్పున లెక్కిస్తే, నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిలు వల్ల మిగిలేది సుమారు 925 రూపాయలు. అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు 11 ఏళ్ళు పడుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగేవారికి మాత్రం మూడేళ్ళలోపే వస్తుంది. ఆస్పత్రికి, పెళ్ళిళ్ళకు, గుడికి తప్ప బండి తీయని ఇంటికి పెట్రోలే మేలు.

కంతుల మాట

వేరుశనగ మీద బ్రతికే రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారి చేతికి వస్తుంది. కంతు మాత్రం నెలనెలా కట్టాలి. 9 శాతం వడ్డీకి 10 లక్షలు అప్పు తీసుకుంటే ఐదేళ్ళపాటు నెలకు సుమారు 20,750 రూపాయలు కట్టాలి. ఏడేళ్ళకు పెట్టుకుంటే కంతు 16,100కు తగ్గుతుంది గాని, మొత్తం మీద లక్ష రూపాయలకు పైగా ఎక్కువ కట్టవలసి వస్తుంది. వాన మొహం చాటేసిన ఏడు ఈ కంతు ఎక్కడి నుంచి తేవాలన్నది ముందే ఆలోచించుకోవాలి. టాపు తెరుచుకునే అద్దం, పెద్ద తెర వంటి సొగసులు వదులుకుంటే ధర లక్షల్లోనే తగ్గుతుంది.

ఈ రెండు కార్లూ నాలుగు మీటర్ల పొడవు దాటినవి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జి.ఎస్.టి. 40 శాతం. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సి.సి. మించని చిన్న కార్ల మీద 18 శాతమే. నలుగురే ఉన్న ఇల్లు ఈ సంగతి కూడా చూసుకోవడం మంచిది.

ఇంటిల్లిపాదీ ఎక్కి చూడాలి

గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి చేసిన పరీక్షల్లో పెద్దల రక్షణకు 2020లో సెల్టోస్, 2022లో క్రెటా అయిదింటికి మూడేసి నక్షత్రాలు పొందాయి. అప్పటి బండ్లకు గాలి సంచులు రెండే. తరువాత రెండు కంపెనీలూ అన్ని రకాలకూ ఆరేసి ఇచ్చాయి. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకుంటేనే వాటి ప్రయోజనం.

షోరూముకు కొడుకు ఒక్కడే పోతే చాలదు. వెనుక సీటులో ముగ్గురు కూర్చుని చూడాలి. వీలైతే సొంత ఊరి రోడ్డు మీద నడిపి చూడాలి. సర్వీసు సెంటరు ఏది దగ్గరో కనుక్కోవాలి.

ఆ రైతు కుటుంబం చివరికి అలాగే చేసింది. ముగ్గురూ కలిసి రెండు షోరూములకూ వెళ్ళారు. తల్లి రెండు బండ్లలోనూ ఎక్కింది, దిగింది. వాదం ఆమె ఒక్క మాటతో తెగిపోయింది: "నా మోకాళ్ళకు రెండూ ఒకటే. కంతు ఏది తక్కువైతే అది తీసుకోండి."