పాత కారుకు తుప్పే అసలు తరుగు

విజయవాడ: చిన్న కార్లపై 28 శాతంగా ఉన్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించడం విదితమే. కొత్త సరుకు దిగితే పాత సరుకు పాత రేటున నిలవదు. కనుక కుటుంబం కోసం పాత కారు చూసేవారు ఆ తేదీకి ముందు జరిగిన బేరాలను ప్రాతిపదికగా తీసుకోరాదు.

అయితే ధర కంటే ముందు తేల్చుకోవలసింది తుప్పు సంగతి. ఇంజను అరిగితే విప్పి బాగుచేయవచ్చు. టైర్లు, బ్యాటరీ మార్చవచ్చు. నేటి కార్లలో చాలావాటికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఆధారం. తలుపు, బానెట్ తుప్పు పడితే మార్చి, ఆ ఖర్చును ధరలో తగ్గించుకోవచ్చు. తలుపుల కింది పట్టీ, అడుగు రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు తిన్నాయంటే మాత్రం ఎంత చవకైనా ఆ బేరం వదులుకోవడమే లాభం.

మచ్చు తీసే పద్ధతి

మిరప బస్తాకు పైకాయ చూసి ధర కట్టరు. కారుకూ అంతే. కాళ్లకింది మ్యాట్లు, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ కింది తట్ట ఎత్తి చూడాలి. రంగు బుడగలెత్తితే లోపల తుప్పు ఉబ్బుతున్నట్లే. అనుమానం ఉన్న చోట అయస్కాంతం ఆనించాలి. ఇనుప రేకుపై పట్టు సడలితే లోపల పుట్టీ ఉన్నట్లు.

విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల ఉప్పుగాలిలో తుప్పు వేగం హెచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఏ.పి. 39 అనే ఉమ్మడి సంకేతం రావడంతో నంబరును బట్టి జిల్లా పోల్చలేము. ఆర్.సి.లో చిరునామా, సర్వీసు పుస్తకంలో ముద్రలు చూసుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తింది. నీట మునిగిన బండిని పైపైన కడిగి అమ్మితే పోల్చడం కష్టం. సీటు బెల్టును చివరంటా లాగి బురద చార కోసం, సీట్ల కింది పట్టాల్లో తుప్పు కోసం వెదకాలి. బీమా క్లెయిముల వివరం అడగాలి.

కొన్న తర్వాత

తుప్పు మీదనే నల్లపూత కొట్టిస్తే తేమ లోపలే చిక్కి రేకును తింటుంది. ముందు తుప్పు గీకించి, ప్రైమరు, రంగు వేయించి, ఆరిన తర్వాతే అడుగు పూత. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా చూడాలి. తీరంలో తిరిగే బండి అడుగును తరచు మంచినీటితో కడగాలి. తడి బండిపై ప్లాస్టిక్ కవరు కప్పరాదు.

వ్యాపారస్థులు ప్రత్యేకంగా గమనించవలసినది డిక్కీ. ఎరువుల మచ్చులు, ఉప్పు, రొయ్యల ఐసు నీరు కారితే రేకుకు చేటు. అడుగున ట్రే వేయడం, కారినవెంటనే కడిగి ఆరబెట్టడం మేలు.

కాగితాలలో 29, 30 ఫారాలు, అప్పు ఉంటే తీరినట్లు 35వ ఫారం తప్పనిసరి. బీమా బదిలీకి కొన్నవారు 14 రోజులలో దరఖాస్తు చేయాలి. బండిని లిఫ్టుపై ఎత్తి అడుగు చూపించనన్న అమ్మకందారుకు బయానా ఇవ్వకపోవడం శ్రేయస్కరం.