మార్పుల మధ్య సేవా బృందము: అపొస్తలుల కార్యములు 13–16 అధ్యాయముల పరిశీలన

బదిలీ ఉత్తర్వు చేతికి అందిన రోజున సంఘకాపరి సామాను గురించి, పిల్లల చదువు గురించి ఆలోచిస్తాడు. తాను చేరబోయే పాస్టరేటులో అప్పటికే కలసి పనిచేస్తున్నవారి గురించి ఆలోచించడము అరుదు. అక్కడ కమిటీ ఉంటుంది, కోశాధికారి ఉంటారు, స్త్రీల సమాజము, సండేస్కూలు ఉపాధ్యాయులు, పాటల బృందము ఉంటారు. కాపరి ఒక్కడే కొత్తవాడు, తక్కినదంతా పాతదే అని అనుకుంటాము. ఈ అనుకోవడములోనే పొరపాటు ఉన్నదని ఈ వ్యాసములో చూపదలచుకున్నాము. ఒక్కరు మారినను అది మళ్లీ మొదటి మెట్టు మీద నిలిచిన కొత్త బృందమే. ఆ సంగతి గుర్తించి ఓపికగా మళ్లీ మొదలుపెట్టగలిగిన బృందమునే ఆరోగ్యకరమైనదని చెప్పగలము.

రెండు అధ్యయనములు

బృందములు ఎట్లు ఎదుగుతాయి అనే ప్రశ్నకు నాయకత్వ తరగతులలో సాధారణముగా చెప్పే సమాధానము అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన బ్రూస్ టక్‌మన్ 1965లో ప్రకటించిన నమూనా. సభ్యులు మొదట మర్యాదగా కూడుకుంటారు, తరువాత ఘర్షణ పడతారు, ఆ మీదట తమలో తాము కట్టుబాట్లు ఏర్పరచుకుంటారు, అప్పుడు ఫలవంతముగా పనిచేస్తారు. 1977లో మేరీ ఆన్ జెన్సన్‌తో కలసి ఆయన ముగింపు అనే ఐదవ దశను చేర్చారు. ఇది జ్ఞాపకముంచుకోవడానికి సులభము. అందుకే పరీక్షలలో అందరూ బాగా వ్రాస్తారు. అయితే టక్‌మన్ స్వయముగా బృందముల మధ్య కూర్చుని పరిశీలించి ఈ నమూనా చెప్పలేదు. అప్పటికి వెలువడిన 50 వ్యాసములను చదివి వాటి సారమును క్రోడీకరించారు. వాటిలో పెద్ద భాగము మానసిక చికిత్స కొరకు కూడిన గుంపులకు సంబంధించినవి. సంఘ కమిటీలో ప్రతి మూడేండ్లకు మనుష్యులు మారుతుంటారు, కనుక ఈ నాలుగు మెట్లు ఒక్కసారి ఎక్కి పైన కూర్చునేవి కావు.

1988లో కానీ గెర్సిక్ అనే పరిశోధకురాలు గడువు పెట్టుకొని పనిచేసే 8 బృందములను పరిశీలించి మరొక సంగతి చెప్పారు. ఆ బృందములు మెట్టు మెట్టుగా ఎదగలేదు. మొదటి కూడికలో పడిన దారిలోనే చాలాకాలము నడచి, గడువులో సుమారు సగము గడిచినప్పుడు ఒక్కసారిగా కదలి పద్ధతి మార్చుకున్నాయి. క్రిస్మస్ కార్యక్రమముల కమిటీలో పనిచేసినవారికి ఇది వేరుగా వివరించనవసరము లేదు.

అంతియొకయలోని ఐదుగురు

అపొ.కా. 13:1లో లూకా ఐదుగురి పేర్లు చెప్పుచున్నాడు. కుప్రకు చెందిన లేవీయుడు బర్నబా, నీగెరనబడిన సుమెయోను, ఉత్తర ఆఫ్రికాలోని కురేనేకు చెందిన లూకియ, హేరోదుతో కలసి పెరిగిన మనయేను, తార్సు పట్టణపు పరిసయ్యుడు సౌలు. కులము, ఊరు, పుట్టుక, చదువు ఏదియు కలవని ఐదుగురు. మన సంఘములలో ఇట్టి కమిటీ ఎన్నిక కావడము కష్టమే. బాగుగా సాగుచున్న ఈ బృందములో నుండి ఇద్దరిని పంపివేయుమని ఆత్మ చెప్పినప్పుడు వారు ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి పంపారు. అంటే అంతియొకయలో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురు మళ్లీ ఎట్లు సర్దుకున్నారో లూకా చెప్పలేదు. పంపబడినవారి గురించి మనము ఎన్నో ప్రసంగములు చేశాము. మిగిలినవారి గురించి మేము ఒక్క ప్రసంగమైనను వినలేదు.

బయలుదేరినప్పుడు పేర్ల వరుస బర్నబా, సౌలు. కుప్ర దాటేసరికి పౌలును అతనితో ఉన్నవారును అనే వరుస వచ్చినది (13:13). నాయకత్వము చేతులు మారినది. దీనికి ఓటింగు లేదు, ప్రకటన లేదు. బర్నబా దీనికి నొచ్చుకున్నట్లు ఎక్కడా కనబడదు. అయితే సరిగ్గా ఆ వచనములోనే మార్కు అనబడిన యోహాను వారిని విడచి యెరూషలేముకు తిరిగి వెళ్లాడు. అతడు బర్నబాకు దగ్గర బంధువు (కొలొ. 4:10). తన వాడు రెండవ స్థానములోనికి వెళ్లడము ఆ యువకునికి కష్టమైనదా, పంఫూలియ కొండ దారులు భయపెట్టాయా, జబ్బు చేసినదా? వ్యాఖ్యానకర్తలు ఎవరికి తోచినది వారు చెప్పారు. వాక్యము మౌనముగా ఉన్నది. అయినను నాయకత్వ మార్పు, ఒకరి నిష్క్రమణ ఒకే వచనములో పడడమును గమనించకుండ దాటిపోలేము. బృందములో పైవారి మధ్య సాఫీగా జరిగిన మార్పు క్రింద ఉన్న చిన్నవానికి సాఫీగా ఉండకపోవచ్చును.

రెండు మాటలు, ఒక తగాదా

మార్కు వెళ్లిన సంగతి చెప్పునప్పుడు 13:13లో లూకా వాడిన గ్రీకు క్రియ అపోఖోరేయో. విడిచి వెళ్లుట అని దాని సాధారణ అర్థము. అదే సంఘటనను 15:38లో పౌలు దృష్టినుండి చెప్పునప్పుడు వాడినది అఫిస్తేమి. దీనిలో తొలగిపోవుట, తిరుగుబాటు చేయుట అనే బరువు ఉన్నది. జరిగినది ఒక్కటే, మధ్యలో కాలము గడిచినది, మాట గట్టిపడినది. ఏ కమిటీ మినిట్సు పుస్తకము తెరచినను ఇట్టి మార్పు కనబడుతుంది. మొదట "హాజరు కాలేదు" అని వ్రాసినది రెండు సంవత్సరములకు "సహకరించలేదు" అని మారుతుంది.

15:39లో వారి మధ్య కలిగిన తీవ్రమైన వాదమునకు లూకా వాడిన పదము పరోక్సిస్మోస్. క్రొత్త నిబంధనలో ఈ నామవాచకము రెండే చోట్ల కనబడుతుంది. రెండవ చోటు హెబ్రీ. 10:24. అక్కడ ప్రేమకును సత్కార్యములకును ఒకరినొకరు పురికొల్పుకొనుట అనే భావములో ఉన్నది. ఒక్క పదము మీద గొప్ప సిద్ధాంతము కట్టడము మాకు ఇష్టము లేదు. అయినను ఒకే వేడి చీల్చగలదు, కదిలించగలదు అని ఆ రెండు వాడుకలు చూపుచున్నవి.

ఎవరిది న్యాయము? సహోదరులు పౌలును సీలను కృపకు అప్పగించి పంపారు గనుక (15:40) సంఘము పౌలు పక్షమున నిలిచినదని కొందరు అంటారు. ఆ తీర్పునకు వాక్యములో చాలినంత ఆధారము లేదని మా అభిప్రాయము. లూకా చూపినది ఫలితము. ఒక బృందము రెండైనది. బర్నబా మార్కును తీసుకొని కుప్రకు వెళ్లాడు. పౌలు సీలతో సిరియ, కిలికియల గుండా వెళ్లాడు. లుస్త్రలో తిమోతి చేరాడు, మళ్లీ మొదటి మెట్టు. సున్నతి అవసరము లేదని యెరూషలేములో తీర్మానించిన విధులను ఊరూరా అందజేయబోవుచున్న పౌలు, అక్కడి యూదులను బట్టి తిమోతికి సున్నతి చేయించాడు (16:3-4). కొత్త సభ్యుడు వచ్చినప్పుడు బృందము తన పద్ధతిని సవరించుకొనుట ఇది. ఆసియలో వాక్యము చెప్పకుండ ఆటంకపరచబడి, బితూనియకు వెళ్లనియ్యబడక, త్రోయకు చేరేసరికి కథనములో "మేము" అనే మాట మొదలగుచున్నది (16:10). మరొకరు చేరారు.

తరువాత మార్కు ఏమయ్యాడు? ఫిలేమోను 24లో అతడు పౌలు జతపనివాడు. కొలొస్సయి సంఘమునకు అతనిని చేర్చుకొనుమని ఆజ్ఞ అందినది. 2 తిమోతి 4:11లో అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు. ఆ పత్రిక రచయిత విషయములో పండితులకు భేదాభిప్రాయములు ఉన్నను, మార్కు పేరు బాగుపడిన సంగతి మూడు పత్రికలలో నిలిచినది.

ఒంగోలు అనుభవము

మన ప్రాంతమునకు వస్తే, 1876–78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనులోని బోధకులను జ్ఞాపకము చేసుకోవలెను. డాక్టర్ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించారు. నిన్నటివరకు గ్రామములలో సువార్త చెప్పిన బోధకులు కాలువ గట్టు మీద మేస్త్రీలయ్యారు. పని మారినది, వారి మధ్య సంబంధములు కూడ మారి ఉండవలెను. కూలి డబ్బు చేతిలో ఉన్నవానిని చూచే చూపు వేరు. కరువు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు నిలిపివేయబడ్డాయి. పని ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడ స్వయముగా బాప్తిస్మమియ్యలేదు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరి చొప్పున, వంతులవారీగా ఇచ్చారు. చరిత్ర పుస్తకములలో ఆ సంఖ్యనే పెద్ద అక్షరములతో చెప్పుకుంటాము. ఆ వంతులు సాధ్యమైనది కాలువ గట్టు మీద కలసి పనిచేసినందువలననే అని మేము తలంచుచున్నాము.

మా పొరపాటు

సుమారు 15 సంవత్సరముల క్రితము ఒక పాస్టరేటులో చేరిన ఆరు నెలలలోనే మేము ఆరాధన క్రమమును, పాటల అభ్యాసపు వేళను మార్చాము. పాటలు నడిపించే యువకుడు రెండు అభ్యాసములకు రాలేదు. కమిటీలో అతనిని తొలగించాలని ప్రతిపాదించాము. అతని మేనమామ కమిటీలో పెద్ద. "అయ్యగారూ, ఈ ఒక్క క్రిస్మస్ చూద్దాం" అన్నారు. మేము 15:38 చూపించి పౌలు చేసినదే చేయుచున్నామన్నాము. యువకుడు వెళ్లాడు, తరువాత మేనమామ గారు కూడ కమిటీకి రావడము మానివేశారు. మేము బదిలీ అయ్యేవరకు ఆ లోటు తీరలేదు. వేళ మార్చినందువలన అభ్యాసము అతని రాత్రి డ్యూటీ మీద పడినదని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కొన్ని సంవత్సరముల తరువాత ఒక కన్వెన్షన్‌లో అతడే ఎదురువచ్చి "వందనాలు అయ్యగారూ" అన్నాడు. వేరొక సంఘములో పిల్లల పాటల బృందమును నడిపిస్తున్నాడు. క్షమించమని అడిగాము. "ఉన్నమాట చెప్పాలంటే అప్పుడు నాకు పాట కూడా సరిగా రాదు అయ్యగారూ" అని నవ్వాడు. అతని మేనమామ గారు అప్పటికి ప్రభువునందు నిద్రించారు.

అప్పటినుండి ఎక్కడ పనిచేసినను, కమిటీలో ఒక్కరు మారినప్పుడు కూడ మొదటి కూడికలో అజెండా పెట్టడము మానివేశాము. ఎవరు ఏ పని చేయుచున్నారు, ఏ వేళలో వీలగును, పాత కాపరిగారు వారికి ఏమి మాట ఇచ్చారు, ఏది మారితే బాధపడతారు అని అడిగి వ్రాసుకుంటాము. మొన్న ఇద్దరు కొత్త సభ్యులు వచ్చినప్పుడు కోశాధికారిగారు "మళ్లీ మొదటినుంచా అయ్యగారూ?" అన్నారు. పాతికేళ్లుగా ప్రక్క ప్రక్కన కూర్చున్నవారు ఒకరి గురించి ఒకరికి తెలియని సంగతులు ఆ సాయంకాలము చెప్పుకున్నారు. దేవాలయపు పైకప్పు మరమ్మతు విషయము మాత్రము వచ్చే నెలకు వాయిదా పడినది.