లినక్స్‌లో సెక్యూరిటీ ఆఫ్ చేసేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

లినక్స్ సర్వర్‌లో ఏదైనా యాప్ మొరాయిస్తే చాలామంది చేసే మొదటి పని.. ఎస్ఈలినక్స్‌ను ఆఫ్ చేసేయడం. యాప్ పనిచేయొచ్చు. కానీ అసలు తలనొప్పి ఆ తర్వాతే!

అసలేంటీ ఎస్ఈలినక్స్?
ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ జోలికి వెళ్లొచ్చో తేల్చే కాపలాదారు. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దీన్ని 2000లో విడుదల చేసింది. ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కూ ఇదే కాపలా.

మూడు మోడ్‌లు ఇవే..
ఎన్‌ఫోర్సింగ్: రూల్ తప్పితే అడ్డుకుంటుంది.
పర్మిసివ్: అడ్డుకోదు, లాగ్‌లో రాసిపెడుతుంది.
డిజేబుల్డ్: కాపలానే ఉండదు.

డిజేబుల్ చేస్తే నష్టమేంటి?
ఎస్ఈలినక్స్ ప్రతి ఫైల్‌నూ దాని లేబుల్ చూసే గుర్తుపడుతుంది. డిజేబుల్ చేశాక వచ్చిన కొత్త ఫైళ్లకు ఆ లేబుల్ పడదు. తర్వాత నేరుగా ఎన్‌ఫోర్సింగ్‌కు మారిస్తే సిస్టమ్ బూట్ కాకపోయే ప్రమాదం కూడా ఉంది.

మరేం చేయాలి?
రూట్ యూజర్‌గా ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ ఇస్తే తాత్కాలికంగా పర్మిసివ్‌లోకి మారుతుంది. ఆడిట్ లాగ్‌లో దేన్ని అడ్డుకుందో చూసి, అదొక్కటే సరిచేయండి. ఆపై ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 1’ ఇస్తే సరి. ఇప్పటికే డిజేబుల్ చేసేశారా? ముందు పర్మిసివ్‌లో పెట్టి, ఫైళ్లన్నీ రీలేబుల్ చేశాకే ఎన్‌ఫోర్సింగ్‌కు రండి.

తాళం రావట్లేదని తలుపే పీకేసుకోం కదా!