రంపం పాలవుతున్న స్ఫటికం

మడకశిరకు ఆనుకుని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలో తెలుగు మాట్లాడే ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ 13 వేల ఎకరాల్లో పరుచుకున్న 2,050 మెగావాట్ల సౌర పార్కు 2019 చివరికల్లా పూర్తయింది. రైతుల భూమిని కొనలేదు, ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలుకు తీసుకున్నారు. నేల మనది, ఎండ మనది. ప్యానెల్ అద్దం వెనకుండే పల్చటి సిలికాన్ పలక, అంటే వేఫర్ మాత్రం బయటిది. వ్యాపార స్థాయిలో దాన్ని తీసే ఫ్యాక్టరీ అప్పటికి దేశంలో లేదు.

అలాగని ఆ రాష్ట్ర రాజధాని బెంగళూరుకు సౌర విద్య కొత్తదేమీ కాదు. మైసూరు రోడ్డులోని బీహెచ్ఈఎల్ 1980లలోనే సౌర సెల్స్ చేసింది. టాటా బీపీ సోలార్ 1989లో ఇక్కడే మొదలైంది. అంతకన్నా ముఖ్యమైన పని ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) రసాయన ప్రయోగశాలలో జరిగింది. ప్రొఫెసర్ ఎ.ఆర్. వాసుదేవమూర్తి బృందం అతిశుద్ధ సిలికాన్ తీసే పద్ధతిని రూపొందించి తమిళనాడులోని మెట్టూరుకు అప్పగించింది. మెట్టూరే ఎందుకంటే, అక్కడి కెమికల్ ఫ్యాక్టరీలో క్లోరిన్ దొరుకుతుంది. సిలికాన్‌ను శుద్ధి చేయాలంటే ముందు దాన్ని క్లోరిన్‌తో కలిపి వాయువుగా మార్చాలి. ఇంతలో అమెరికా కంపెనీ హెమ్‌లాక్ దగ్గర సాంకేతికత కొని జాతీయ సిలికాన్ కర్మాగారం కడదామని ఢిల్లీ తలపెట్టింది. చేతిలో ఉన్నదాన్ని వదిలి దిగుమతి ఎందుకని శాస్త్రవేత్తలు ఎదురుతిరిగారు. చివరికి ఆ కర్మాగారమూ రాలేదు, మెట్టూరూ పెరగలేదు. నన్నడిగితే మనం వెనకబడింది అక్కడే.

శుద్ధి అయ్యాక స్ఫటికం పెంచాలి. 1,414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌లో చిన్న విత్తన స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ, మెల్లగా పైకి లాగుతారు. పోలండ్ శాస్త్రవేత్త చొక్రాల్‌స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతి ఇది. అలా వచ్చిన దిమ్మను తీగ రంపంతో కోస్తారు. పాత రంపాలతో దాదాపు సగం సిలికాన్ పొడై పోయేది. ఇంత కరెంటు తగలేసి శుద్ధి చేసింది పొట్టు చేయడానికా?

ఆ పొట్టు లేకుండా పలకనే నేరుగా లాగేద్దామన్న ఆలోచన పాతదే. ఘన సిలికాన్ తన ద్రవం మీద తేలుతుంది కాబట్టి పైపొరను అడ్డంగా లాగవచ్చని అమెరికా భౌతిక శాస్త్రవేత్త విలియం షాక్లీ 1959లోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అమెరికాలో ఎవర్‌గ్రీన్ సోలార్ మరో దారి పట్టింది: వేడికి తట్టుకునే రెండు పోగులను ద్రవంలోంచి పైకి లాగితే, వాటి మధ్య సబ్బునీటి పొరలా సిలికాన్ సాగి గట్టిపడుతుంది. కోత లేదు, పొట్టు లేదు. అయితే చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి పుట్టి స్ఫటికంలో లోపాలు చేరతాయి, సెల్ ఇచ్చే కరెంటు తగ్గుతుంది. 2008లో కిలో 400 డాలర్లు దాటిన సిలికాన్ ధర కూలిపోయాక పొదుపు చేసినదానికి విలువ లేకుండా పోయింది. 2011లో ఎవర్‌గ్రీన్ దివాలా తీసింది. పొట్టు తగ్గించే వజ్రపు తీగ రంపం వచ్చి, మిగిలిన వాదననూ చాలావరకు కోసేసింది.

ఇప్పుడు ప్రపంచంలో నూటికి 95కు పైగా వేఫర్లు చైనావే. బెంగళూరులో ఎమ్వీ, హైదరాబాద్‌లో ప్రీమియర్ ఎనర్జీస్ సెల్స్ చేస్తున్నాయి. ముంద్రాలో అదానీ దిమ్మలు, వేఫర్లు మొదలుపెట్టింది. 2028 నుంచి వేఫర్లూ ప్రభుత్వం ఆమోదించిన తయారీదారుల జాబితాలోవే వాడాలన్న ప్రతిపాదనా వచ్చింది. మంచిదే. కానీ స్ఫటికం లాగే కొలిమి యంత్రాలను కూడా ఎక్కువగా చేసేది చైనాయే.